రసమట్టం మేస్త్రి లాయర్ని వద్దన్న ఇల్లు

మా బాబాయి తాపీమేస్త్రి. గోడ నిలువుగా లేకపోతే ఆయనకు నిద్ర పట్టదు. ఎవరింటికి వెళ్ళినా కుర్చీలో కూర్చోకముందే జేబులోంచి రసమట్టం తీసి కిటికీ గట్టు మీద పెడతాడు. గాజు గొట్టంలో బుడగ ఎటు జరుగుతోందో చూసి "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" విన్న ఇంటివాళ్ళకు ఆ పూట మనశ్శాంతి ఉండదు. ఒకసారి ఎవరినో చూడ్డానికి ఆసుపత్రికి వెళ్ళి, రోగి మంచం మీద కూడా పెట్టి చూశాడు. తలవైపు రెండు నూళ్ళు, అంటే పావంగుళం, ఎత్తుందని నర్సుకు చెప్పి, తిట్లు తిని వచ్చాడు. అప్పట్నుంచి వీధిలో ఆయన పేరు రసమట్టం మేస్త్రి. ఆ పేరు పెట్టింది నేనేనని ఆయనకు ఇప్పటికీ తెలియదు. పక్కవీధి కుళాయి పనివాడు పెట్టాడనుకుని వాడితో రెండేళ్ళు మాట్లాడలేదు.

ముప్పై ఏళ్ళు అందరికీ ఇళ్ళు కట్టిన ఈ మనిషి ఉన్నది మాత్రం రెండు గదుల అద్దెవాటాలో. వాన పడితే మూడుచోట్ల కారేది. ఎక్కడ కారుతోందో, ఎందుకు కారుతోందో, ఎంతసేపట్లో ఆపొచ్చో ఆయనకు తెలుసు. కానీ ఇంటి ఓనరమ్మ పైకప్పు ఎక్కనిచ్చేది కాదు. మేస్త్రి ఒకసారి పైకెక్కితే బిల్లుతో తప్ప దిగడని ఆవిడ భయం. కాబట్టి మా బాబాయి బకెట్ల మధ్య కాళ్ళు ముడుచుకుని కూర్చుని, కారే చోటును డాక్టరు రోగిని చూసినట్టు చూసేవాడు.

ఆ వాటాలో వంటిల్లు లేదు. తలుపు వెనక మూలే వంటిల్లు. ఎవరైనా తలుపు తోస్తే మా పిన్ని వీపుకు తగిలేది. పిన్ని ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడి దుప్పట్లు మడతపెట్టి, ఇంటికొచ్చి మళ్ళీ ఆ మూలలో నిలబడేది. ఆవిడకు ఇల్లు కావాలని లేదు. వంటిల్లు కావాలి. దానికి చుట్టూ ఏదో ఒకటి ఉండాలి కాబట్టి ఇల్లు. ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడే వెడల్పు ఉండాలన్నదే ఆవిడ షరతు. వండేది నువ్వొక్కదానివే కదా, ఇద్దరెందుకని బాబాయి అడిగితే, రెండో మనిషివి నువ్వే, అంట్లు తోమడానికి అనేది.

అలాంటి సమయంలో సూపరింటెండెంటు గారి ఇల్లు అమ్మకానికి వచ్చింది. ఆయన బస్సుల కంపెనీలో చేసి రిటైరయ్యాడు. మోకాళ్ళు పోయి, మెట్లున్న ఇల్లు వద్దని, కింది అంతస్తు ఫ్లాటులోకి మారుతున్నాడు. ఇరవై రెండేళ్ళ కింద ఆ ఇల్లు కట్టింది మా బాబాయే. ఇంకో మేస్త్రి కింద పనిచేయడం మానేసి, సొంతంగా ఒప్పుకున్న మొదటి పని అది. అందుకే సూపరింటెండెంటు గారు బయటివాళ్ళకంటే తక్కువకిస్తానన్నాడు. "నీ చేత్తో కట్టిన ఇల్లు, నీకే చెందాలి" అన్నాడట. ఆ మాటకు మా బాబాయి కళ్ళు చెమర్చాయి. సిమెంటు దుమ్ము తప్ప ఇంకేదీ ఆ కళ్ళలో నీళ్ళు తెప్పించగా నేను చూడలేదు.

ముగ్గురం చూడ్డానికి వెళ్ళాం. బాబాయి గది గదికీ వెళ్ళి గోడలు తట్టాడు, చెవి పెట్టి విన్నాడు, బుడగ చూశాడు. అన్నీ మధ్యలోనే ఆగాయి. పిన్ని మాత్రం తిన్నగా తూర్పువైపు వంటింట్లోకి వెళ్ళింది. రెండు చేతులూ బారచాచింది. గోడలు తగల్లేదు. ఇంకాస్త చాచింది. అయినా తగల్లేదు. నన్ను పిలిచి పక్కన నిలబడమంది. నిలబడ్డాను. మా ఇద్దరి మధ్యా ఇంకో సన్నటి మనిషికి చోటుంది. పిన్ని ఆ పూట దారి పొడవునా చేతులు ఊపుకుంటూ నడిచింది.

ఇంటికి రాగానే ఆవిడ అన్న మొదటి మాట, లాయరుకు చూపించాలి అని.

బాబాయి నవ్వాడు. ఆ ఇంటి పునాదిలో ఎన్ని తట్టల కంకర పోసిందీ తనకు గుర్తుందనీ, గోడ తడితే ఏం పలుకుతుందో ఏ లాయరుకూ తెలియదనీ, తను పుట్టించిన పిల్లకు తనే బర్త్ సర్టిఫికెట్ అడగాలా అనీ చాలా మాట్లాడాడు. పిన్ని దుప్పటి మడతపెడుతున్నంత నెమ్మదిగా విని, "ఎవర్నీ అడక్కుండా ఒకసారి నిన్ను నమ్మి చేసుకున్నాను. జీవితానికి అదొక్కటి చాలు" అంది.

నాకు రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా జిరాక్సు మిషను ఉంది. కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ లాయర్లూ అందరూ నా మిషను ముందు వరసలో నిలబడాల్సినవాళ్ళే. వాళ్ళలో మందుల షాపు పైన ఆఫీసున్న లాయరమ్మ గట్టిమనిషి. కాపీ వంకరగా వస్తే డబ్బులివ్వదు. అందుకే ఇద్దర్నీ ఆవిడ దగ్గరికే తీసుకెళ్ళాను.

లాయరమ్మ సూపరింటెండెంటు గారి పాత దస్తావేజు కాపీ చూసింది. ముందు పాత కాగితాలన్నీ చదువుతానంది. తర్వాత సర్వేయర్ని పిలిచి స్థలం నాలుగువైపులా కొలిపిస్తానంది. కాగితంలో ఉన్నదీ నేల మీద ఉన్నదీ ఒకటేనని తేలాక సంతకం పెట్టమంది.

"కొలవడం ఎందుకమ్మా? కట్టింది నేనే కదా," అన్నాడు బాబాయి.

"మీరు కొలిచింది కట్టించుకునేవాళ్ళ కోసం. నేను కొలిపించేది కొనేవాళ్ళ కోసం. మీరిప్పుడు ఆ కుర్చీలో ఉన్నారు."

బాబాయి కాసేపు గచ్చు వైపు చూశాడు. తర్వాత ఫీజెంతని అడిగాడు. ఆయన పదిరోజుల కూలి ఎంతో అంత చెప్పిందావిడ. అంతే, కుర్చీలోంచి లేచాడు. మెట్లు దిగుతున్నంతసేపూ ఒకటే సణుగుడు. కూర్చున్నచోటు నుంచి కదలకుండా పదిరోజుల కూలా, తట్ట మొయ్యాలా, ఎండలో నిలబడాలా, అని. మందుల షాపువాడు కూడా విన్నాడు. ఇది పిసినారితనమే అనుకున్నాను. పిన్ని కూడా అదే అనుకుంది. పైకే అనేసింది. ఫీజు తన జీతంలోంచి ఇస్తానంది. ఆయన వినలేదు. ఆవిడ మూడురోజులు మాట్లాడలేదు.

అప్పుడు నేనొక ఘనకార్యం చేశాను. పక్క షాపువాడి ఫోను తీసుకుని, ముక్కు మూసుకుని, గొంతు మార్చి బాబాయికి ఫోను చేశాను. సూపరింటెండెంటు గారి ఇల్లు మేం కూడా చూశామనీ, మా లాయరు ఎల్లుండి సర్వేయరుతో కొలతలకు వస్తున్నాడనీ, కట్టిన మేస్త్రి మీరేనట కదా, వచ్చి హద్దులు చూపిస్తారా అనీ అడిగాను. ఇంకొకడు లాయర్ని పెట్టుకున్నాడంటే ఈయనకు పౌరుషం వచ్చి, పరుగెత్తుకుని లాయరమ్మ దగ్గరికి పోతాడని నా లెక్క. నా తెలివికి నేనే నవ్వుకుని టీ తాగాను.

బాబాయి పరుగెత్తిన మాట నిజమే. లాయరమ్మ దగ్గరికి కాదు. మర్నాడు పొద్దున్నే సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్ళి బయానా ఇచ్చేశాడు. పిన్నికి ఆ తర్వాతే చెప్పాడు. వారం తిరక్కుండా రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఆ కాగితాలు నా మిషను మీదే కాపీ తీశాను. నాకు సంతోషంగా లేదు. కానీ పిన్ని కొత్త వంటింట్లో చేతులు చాచుకుని నిలబడింది చూశాక, పోనీలే, ఏం కొంప మునిగిందిలే అనుకున్నాను.

పదకొండు నెలలు ఏమీ మునగలేదు. నిజంగానే బాబాయి అంట్లు తోమాడు. ఆదివారాలు ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఒకరి మీద ఒకరు విసుక్కుంటూ వండుకునేవాళ్ళు. పిన్ని గరిటెలకు గోడకు వరసగా కొక్కేలు కొట్టించింది. కొక్కేల వరస మీద కూడా రసమట్టం పెట్టి చూశాడాయన.

తర్వాత తూర్పువైపు ఖాళీ స్థలం అమ్ముడుపోయింది. దాని సొంతదార్లు అన్నదమ్ములు. పంపకాల గొడవలో పాతికేళ్ళుగా ఆ వైపు ఎవరూ రాలేదు, ముళ్ళపొదలు పెరిగాయి. ఇప్పుడు గొడవ తేలి అమ్మేశారు. కొన్నది పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే కాంపౌండరు. నెమ్మదైన మనిషి. ఆయన ముందు లాయర్ని పెట్టుకుని, తర్వాత కొన్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం లాయరమ్మ గుమాస్తా వచ్చి ఒక నోటీసు మూడు కాపీలు తియ్యమన్నాడు. మొదటి కాపీ వంకరగా వచ్చిందేమోనని పైకెత్తి చూశాను. వంకర లేదు. చేరాల్సిన చిరునామా మాత్రం మా బాబాయిది. వంటిల్లూ, పైకెక్కే మెట్లూ పక్క స్థలంలోకి రెండు ముప్పావు అడుగులు చొచ్చుకొచ్చాయి, తొలగించండి అని ఉంది. గుమాస్తా ఇచ్చిన డబ్బులు లెక్కపెట్టకుండానే సొరుగులో పడేశాను. నా మిషను మీద, నా కరెంటుతో, నా చేత్తో తీసిన కాగితం అది.

షాపు మూసి వాళ్ళింటికి పరుగెత్తాను. పిన్ని అప్పుడే లాండ్రీ నుంచి వచ్చింది. నోటీసులో ఏముందో చెప్పాను. సర్వేయరు తప్పు కొలిచుంటాడని ఆవిడ అంది. బుడగ నూలు జరిగినా ఒప్పుకోని మనిషి రెండు ముప్పావు అడుగులు తప్పు కడతాడా అంది. మొగుణ్ణి ఆవిడ అంతగా పొగడ్డం నేను వినడం అదే మొదటిసారి.

బాబాయి మెట్ల మీద కూర్చున్నాడు. సర్వేయరుది తప్పు కాదన్నాడు.

ఆ తర్వాత చెప్పాడు. ఇల్లు మొదలుపెట్టేటప్పుడు, పునాది గుర్తులకు మేకులు కొట్టి నూలుదారం కట్టిన రోజున, వంటిల్లు ఇరుకైపోతోందని సూపరింటెండెంటు గారి భార్య అంది. పక్కనంతా పొదలే, అడిగేవాడు లేడు, కాస్త అటు జరుపు మేస్త్రీ అని ఆయనన్నాడు. మొదటి సొంత పని. కాదంటే పని పోతుంది. ఔనంటే ఇంకో నాలుగు ఇళ్ళకు సిఫారసు చేస్తాడు. దారం జరిపాడు. హద్దురాయి పీకేస్తే పాపమని, పీకకుండా దాని మీదే గచ్చు పోశాడు. ఆ రాయి ఇప్పటికీ వంటింట్లో పొయ్యి గట్టు ముందు, గచ్చు కింద ఉంది. పదకొండు నెలలుగా పిన్ని దాని మీద నిలబడే వండుతోంది.

పిన్ని వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి ముందు గచ్చు చూసి వచ్చింది.

"అంటే ఆవేళ లాయరు దగ్గర లేచింది ఫీజు కోసం కాదన్నమాట."

"ఫీజయితే ఇచ్చేవాణ్ణే," అన్నాడు బాబాయి. "కొలుస్తానందిగా. కొలిస్తే తెలుస్తుంది. తెలిస్తే నువ్వు ఆ ఇల్లు వద్దంటావు. వంటింట్లో చేతులు చాచుకుని నిలబడ్డావు కదా, వద్దనిపించుకోవడం నావల్ల కాలేదు."

"ఇన్నాళ్ళూ నువ్వు పిసినారివనుకున్నాను," అంది పిన్ని. "అదే నయం."

మర్నాడు ముగ్గురం సూపరింటెండెంటు గారి ఫ్లాటుకు వెళ్ళాం. ఆయన మోకాళ్ళకు మందు రాసుకుంటున్నాడు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. మేం చెప్పిందంతా విని, ఆశ్చర్యపోయినట్టు కూడా నటించలేదు.

"మేస్త్రీ, కట్టింది నువ్వు, కొన్నది నువ్వు. మధ్యలో నేనెవర్ని?"

బాబాయి మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టి లేచాడు. నా దగ్గర రెండు మూడు జవాబులు ఉన్నాయి గానీ, ఒక్కటీ పెద్దవాళ్ళ ముందు అనదగ్గది కాదు. వచ్చేస్తూ చెప్పుల స్టాండులో ఆయన చెప్పులు ఎడమది కుడివైపు, కుడిది ఎడమవైపు పెట్టి వచ్చాను. నావల్ల అయ్యింది అంతే.

లాయరమ్మ దగ్గరికి వెళ్తే ఆవిడ తలుపు దగ్గరే నిలబెట్టింది. తను ఇప్పుడు కాంపౌండరు తరఫున ఉన్నానని, మాతో మాట్లాడకూడదని చెప్పింది. తలుపు వేసేముందు మాత్రం, ఆ రోజు ఇంకో అరగంట కూర్చుని ఉంటే మీ తరఫున ఉండేదాన్ని మేస్త్రి గారూ, అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

చివరికి ఇంకో లాయర్ని పట్టుకున్నాం. కోర్టు వెనక సందులో చిన్న గది, విరిగిన ఫ్యాను. పెద్దాయన. అంతా విన్నాడు. కేసు నడపొచ్చన్నాడు, ఏళ్ళు పడుతుందన్నాడు. సూపరింటెండెంటు మీద కూడా వెయ్యొచ్చన్నాడు. కానీ ఏ కేసు వేసినా బోనులో ఒక ప్రశ్న అడుగుతారు, హద్దు అక్కడుందని మీకు ముందే తెలుసా అని. తెలియదంటే అబద్ధం, తెలుసంటే కేసు అక్కడితో సరి. ఇంటికెళ్ళి ఆలోచించుకోమని, ఫీజు కూడా తీసుకోలేదు. లాయర్లందరూ దొంగలని ఏడాదిగా తిడుతున్న మా బాబాయికి అది ఇంకో దెబ్బ.

పిన్ని ఒక్కతే కాంపౌండరు దగ్గరికి వెళ్ళింది. ఆ మూడడుగుల ముక్క తనకు అమ్మమని అడిగింది. ఆయన నిజంగానే బాధపడ్డాడు. తన స్థలమే సన్నమనీ, పూర్తి వెడల్పుంటేనే బ్యాంకు అప్పిస్తుందనీ, కాగితాలు చూపించి మరీ చెప్పాడు. పిన్ని ఇంటికొచ్చి గరిటెలు కొక్కేల మీంచి తీసి బకెట్లో వేసింది. ఎవరేం నిర్ణయించారో మాకు అలా తెలిసింది.

బాబాయి కూలీలను పెట్టలేదు. తనే పడగొడతానన్నాడు. పైకెక్కే మెట్లు ముందు కొట్టేశాడు. తర్వాత గోడ మొదలుపెట్టాడు. ఉలి పెట్టి సుత్తితో కొడితే ఉలి ఎగిరిపడింది. సొంతంగా కట్టిన మొదటి గోడ కదా, పేరు రావాలని ఇసుక జల్లించి, సిమెంటు ఎక్కువ కలిపి, పదిహేను రోజులు నీళ్ళు పట్టాడట. ఇప్పుడది ఊడి రానంటోంది. మూడు రోజులు పట్టింది. అరచేతులు పొక్కి నీరు కారాయి. రెండో రోజు కాంపౌండరు వచ్చి, సాయం చెయ్యనా అని అడగలేక, గట్టి గోడండీ, ఎవరు కట్టారో గానీ అన్నాడు. బాబాయి సుత్తి ఆపలేదు.

మట్టి తట్టలు మోస్తూ, ఆ ఫోను సంగతి నేనే చెప్పేశాను. ముక్కు మూసుకుని మాట్లాడింది నేనేనన్నాను. కొడతాడనుకున్నాను. సగంలోనే గుర్తుపట్టానన్నాడు. మరి ఎందుకు పరుగెత్తావంటే, చెమట తుడుచుకుని చెప్పాడు.

"ఈసారి నువ్వు చేశావురా. రేపు నిజంగానే ఎవడో ఒకడు లాయరుతో వచ్చి కొలుస్తాడుగా."

మూడో రోజు సాయంత్రం గచ్చు పగిలింది. హద్దురాయి బయటపడింది. పెద్దదేం కాదు, మూరెడు పొడవు. సర్వేయరు వచ్చి దాని నుంచి సున్నంతో గీత గీసి వెళ్ళాడు.

నాలుగు రోజుల్లో కొత్త గోడ లేచింది. పిన్ని అప్పుడు పొద్దుటి డ్యూటీతో పాటు రెండో డ్యూటీ కూడా చేస్తోంది, ఇటుకల కోసం. గోడ ఎలా వస్తోందో చూడనే లేదు. ఐదో రోజున సెలవు దొరికి వంటింట్లోకి వెళ్ళింది. చేతులు చాచలేదు, చాచే చోటు లేదని చూస్తేనే తెలుస్తోంది. మోచేతులు మడిచి చూసింది. కిటికీలోంచి తల బయటికి పెట్టి కిందికి చూసింది. సున్నం గీతకూ కొత్త గోడకూ మధ్య ఖాళీ ఉంది. ఆరంగుళాలు, మా వైపే.

గోడ ఇంత లోపలికెందుకు కట్టావని అడిగింది. గీత దాకా మన స్థలమే కదా అంది.

బాబాయి కొత్త గోడకు నీళ్ళు కొడుతున్నాడు. ఇక ముందు ఎవరొచ్చి ఎటునుంచి కొలిచినా మనవైపు వేలు చూపించకుండా కాస్త వదిలిపెట్టానన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో, ఎన్నాళ్ళకో బరువు దించుకున్నవాడి తేట కనిపించింది. నాకు కూడా, శభాష్ బాబాయ్ అనాలనిపించింది.

పిన్ని వంటింట్లో పక్కకు తిరిగింది. తిరిగితేనే పొయ్యి దగ్గరికి దారి.

"తప్పు నీది," అంది. "వదిలిపెట్టింది నా వంటింట్లోంచి. నన్ను అడిగావా?"

బాబాయి చేతిలో గొట్టం అలాగే ఉంది. నీళ్ళు కాళ్ళ మీద పడుతున్నాయి. పడగొట్టి మళ్ళీ కడతానన్నాడు, గీత మీదే కడతానన్నాడు. పిన్ని గోడ మీద చెయ్యి పెట్టి చూసింది. ఐదు రోజుల గోడ. ఎప్పటిలాగే ఇసుక జల్లించి, సిమెంటు ఎక్కువ కలిపి కట్టాడు.

వద్దంది. ఇంకో మూడు రోజులు నీ చేతులు చూడలేనంది. బకెట్లోంచి గరిటెలు తీసి, మిగిలిన గోడకు ఎన్ని పడతాయో లెక్క చూసుకోవడం మొదలుపెట్టింది. సగం పట్టాయి.